తీరం వెంట బైకు యాత్ర: ఆఖరి రోజు గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సముద్ర తీరం వెంట రోజుల తరబడి బైకు మీద ప్రయాణించే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి చదివితే, ఎక్కువ ప్రశ్నలు ఆఖరి రోజు చుట్టూనే తిరుగుతున్నాయని తెలిసింది. బయలుదేరడానికి ముందు వారాల పాటు బండిని, సామాన్లను, దారిని జాగ్రత్తగా చూసుకునే మనం, తిరిగి ఇల్లు చేరే రోజుకు మాత్రం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేసుకోము. మిగిలిన దూరమంతా ఆ రోజు మీదే పడుతుంది. అందువల్ల ఈ శీర్షికను పూర్తిగా ఆ ఒక్క రోజుకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం స్నేహితులం చెరొక బైకు మీద తీరం వెంట యాత్ర వేసుకున్నాం. ప్రస్తుత ప్రణాళిక ప్రకారం ఆఖరి రోజుకు 560 కి.మీ. మిగులుతోంది. "ఎలాగూ ఇంటికే కదా, రాత్రయినా సరే ఒక్క రోజులో వెళ్లిపోదాం" అని నా స్నేహితుడి పట్టుదల. దాన్ని రెండు రోజులుగా విడగొడదామని నేను అంటున్నాను. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ మాటే సరైనది. మీ స్నేహితుడు దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తున్నారు, కానీ ఆఖరి రోజును గంటల్లో లెక్కవేసుకోవాలి. తీరపు రోడ్లు కొండల అంచులను, నదులు సముద్రంలో కలిసే చోట్లను, ఊళ్ల నడుమ ఇరుకు మలుపులను పట్టుకుని మెలికలు తిరుగుతూ పోతాయి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఆస్ట్రేలియా సైనికులు 1919 నుంచి 1932 వరకు శ్రమించి వేసిన గ్రేట్ ఓషన్ రోడ్డును చూసినా, కాలిఫోర్నియాలో 1937లో రాకపోకలకు తెరిచిన బిగ్ సర్ తీరపు రోడ్డును చూసినా, కొండవాలును తొలిచి దారి చేసిన భాగాల్లో బండి వేగం మలుపుల చేతిలోనే ఉంటుంది. అటువంటి దారుల్లో సగటు గంటకు 50 కి.మీ. అని వేసుకోవడమే మేలు.

ఆ లెక్కన 560 కి.మీ.కు చక్రాలు తిరిగే సమయమే 11 గంటలు దాటుతుంది. పెట్రోలు, భోజనం, మంచినీళ్లు, కాసేపు నడుము వాల్చడం కలిపితే 14 గంటలవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదింటికి బయలుదేరినా చేరేసరికి రాత్రి ఏడవుతుంది. దారిలో ఒక పంక్చరు పడినా, ఒక జల్లు ఆపేసినా తొమ్మిది దాటవచ్చు. అప్పటికి మీరు మేలుకుని 17 గంటలవుతుంది. అన్నేసి గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో ప్రచురించారు. మీకు దానికి తోడు చాలా రోజుల ఎండ, గాలి, ఇంజను అదురు, కొత్తచోట్ల అరకొర నిద్ర కూడా ఉన్నాయి. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది కాబట్టి, బ్రేకు మీదికి వేళ్లు అర సెకను ఆలస్యంగా వెళ్లినా 11 మీటర్లు చేజారినట్టే.

ఇంకొక సంగతి మీ స్నేహితుడికి తప్పకుండా చెప్పండి. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను ఘటనాస్థలంలోనే పరిశీలించి 1981లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్లు రోడ్ల కూడళ్లు. బైకు మరో వాహనంతో ఢీకొన్న సందర్భాల్లో మూడింట రెండు వంతులు, ఆ రెండో వాహనం నడిపేవారు బైకుకు ఇవ్వవలసిన దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయి. మన ఆఖరి రోజును దీని పక్కన పెట్టి చూడండి. రోజుల తరబడి ఒక పక్క సముద్రం, మరో పక్క తెరపి నేల ఉన్న దారిలో నడిపాక, ఒళ్లు బాగా అలిసిన ఆఖరి గంటలోనే మనం నగరంలోకి, అంటే అడుగడుగునా కూడళ్లు, పక్క సందులు, ఎదురుగా వచ్చి హఠాత్తుగా తిరిగే కార్లు ఉన్నచోటికి ప్రవేశిస్తాం. ఆ గంటకు కావలసిన కళ్లు, చేతులు మనకు మిగిలి ఉండాలి.

అందుచేత ఆఖరి రోజుకు 200 నుంచి 250 కి.మీ. మించి ఉంచవద్దని నా సలహా. పెద్ద దూరాలను యాత్ర మధ్యలో, శరీరం బండికి అలవాటుపడిన రోజుల్లో పూర్తి చేయండి. తెల్లవారగానే బయలుదేరి, ఎండ వాలకముందే ఇంటి ముందు బండి ఆపగలిగేలా చూసుకోండి. ఇంట్లోవారికి "నాలుగింటికల్లా వచ్చేస్తాం" అని మాట ఇవ్వకండి. "చీకటిపడేలోగా వస్తాం, ఆలస్యమైతే ఎక్కడో ఒకచోట ఆగి ఫోను చేస్తాం" అని చెప్పండి. గడియారానికి మాట ఇచ్చినవారు ప్రతి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరా, ప్రతి లారీ వెనకా ఆ మాటను నిలబెట్టుకోవడానికే బండి నడుపుతారు.

ప్రశ్న: నేను మావారి బైకు వెనక కూర్చుని ప్రయాణిస్తాను. మిగతా రోజుల్లో ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడ ఆపే మనిషి, ఆఖరి రోజు మాత్రం ఎక్కడా ఆపరు. అడిగితే "ఇంకొంచెం దూరమే కదా" అంటారు. నడుము పట్టేస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పోయినసారి కదులుతున్న బండి మీదే నాకు కునుకు పట్టింది. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, నడుము నొప్పి సంగతి తరువాత చూద్దాం. కదులుతున్న బండి మీద కునుకు పట్టడమంటే ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆ సంగతి మీవారికి తెలియకపోతే ఈ రోజే చెప్పండి. వెనక కూర్చున్నవారి ఒళ్లు ఒక్కసారిగా పక్కకు వాలితే మలుపులో ఉన్న బండి గీసుకున్న గీత తప్పుతుంది. నడిపేవారికి అది గాలి తోపో, టైరు జారడమో అనిపించి కంగారులో తప్పుగా స్పందించే అవకాశం ఉంది.

నడిపేవారికి హ్యాండిల్ పట్టుకోవడం, గేర్లు మార్చడం, దారి చూడడం అనే పనులున్నాయి, ఆ పనే వారి అలసటను కొంతసేపు కప్పిపెడుతుంది. వెనక కూర్చున్నవారికి చేయడానికి పనేమీ ఉండదు. మోకాళ్లు మడిచి, ముందున్న హెల్మెట్ వెనక భాగాన్ని చూస్తూ, ఎప్పుడు బ్రేకు పడుతుందో తెలియక ఒళ్లు బిగబట్టుకుని గంటల తరబడి కూర్చోవాలి. ఈ తేడా నడిపేవారికి అనుభవంలోకి రాదు కాబట్టి, మీవారు మొండితనంతో ఆపడం లేదని, మీ ఇబ్బంది ఆయనకు నిజంగానే తోచడం లేదని అనుకోవడం న్యాయం.

రోడ్డు మీద, గాలి హోరులో అడగవద్దు. ముందు రాత్రే కూర్చుని, అలిసినా అలవకపోయినా ప్రతి గంటన్నరకు ఒకసారి పది నిమిషాలు బండి దిగాలని ఇద్దరూ ఒప్పుకోండి. "మీరు అలిసిపోయారు" అంటే ఎవరికైనా రోషం వస్తుంది, "నాకు దిగాలి" అంటే వాదన ఉండదు. రెండు సంజ్ఞలు కూడా మాట్లాడుకోండి. భుజం మీద రెండుసార్లు తడితే తరువాతి అనువైన చోట ఆపాలి, వరుసగా తడుతూ ఉంటే వెంటనే పక్కకు తీయాలి. హెల్మెట్లలో మాట్లాడుకునే ఇంటర్‌కమ్ ఉన్నా ఈ సంజ్ఞలు ఉండవలసిందే, ఎందుకంటే ఆఖరి రోజుకు వాటి చార్జింగ్ అయిపోవడం మామూలే. వీపున సంచి ఉంటే దాన్ని బండికి కట్టేయండి. నడుము నొప్పిలో సగం దాని బరువే కావచ్చు.

మీ వల్ల కూడా ఆయనకు ఒక మేలు జరగాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు శరీరం సహజంగానే మందగిస్తుంది. ఆ వేళ బండి వేగం కారణం లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, తెలిసిన మలుపును దాటిపోయినా, ముందున్న హెల్మెట్ కిందికి వాలి మళ్లీ లేస్తున్నా ఆయనకు నిద్ర వస్తోందని అర్థం. అప్పుడు వరుసగా తట్టి ఆపించండి. ఒక కప్పు కాఫీ తాగి, నీడపట్టున 15 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకోమనండి. కాఫీ ప్రభావం చూపడానికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. దాంతో కూడా మత్తు వదలకపోతే ఆ రోజుకు ప్రయాణం అక్కడితో ఆపేయడం తప్ప వేరే మందు లేదు.

ప్రశ్న: ఉదయం హాయిగా సాగిన బండిని మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి నెట్టేస్తోంది. వంతెనల మీద మరీ భయమేస్తోంది. ఆఖరి రోజు ఎప్పుడూ మధ్యాహ్నమే ఇంటి దారి పడతాను. ఈ గాలిలో ఎలా నడపాలి?

జవాబు: మీరు అనుభవించింది సముద్రపు గాలి. ఎండకు నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పొద్దు కొంత ఎక్కాక మొదలై, మధ్యాహ్నం రెండు మూడు గంటల ప్రాంతంలో బలపడి, సాయంత్రానికి తగ్గుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడడంతో గాలి తిరగబడి నేల మీంచి సముద్రం వైపు, సాధారణంగా మెల్లగా, వీస్తుంది. తీరం వెంట ప్రయాణమంటే ఈ గాలి దాదాపు ఎప్పుడూ పక్క నుంచే తగులుతుంది. తొలిపొద్దున బయలుదేరమని మొదటి జవాబులో చెప్పడానికి నిద్రతో పాటు ఇదీ ఒక కారణమే.

గాలి వేగం రెట్టింపయితే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే గంటకు 20 కి.మీ. గాలిలో పట్టించుకోనివారు 40 కి.మీ. గాలిలో బెదిరిపోతారు. ఎడతెగకుండా ఒకే తీరున వీచే గాలి పెద్ద సమస్య కాదు, దానికి బండి కొంచెం వాలి తనంతట తాను సర్దుకుంటుంది. ఇబ్బంది పెట్టేది విసురు. చెట్ల తోపు ముగిసినచోట, కొండ మలుపు దాటి ఒక్కసారిగా సముద్రం కనిపించినచోట, నది ముఖద్వారం మీది వంతెన మొదలైనచోట, లారీని దాటుతూ దాని చాటు నుంచి బయటికి వచ్చిన క్షణంలో అది తగులుతుంది. ఈ నాలుగు చోట్లనూ ముందుగానే గుర్తించి, చేరడానికి ముందే వేగం తగ్గించండి.

మోచేతులు వదులుగా, మోకాళ్లు ట్యాంకును పట్టుకుని ఉండాలి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే మీ ఒంటికి తగిలిన గాలి తోపు అంతా చేతుల ద్వారా ముందు చక్రానికి చేరుతుంది. కుడి నుంచి గాలి వీస్తే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నొక్కితే బండి కుడికి వాలి గాలికి ఎదురు నిలుస్తుంది. ఎడమ నుంచైతే ఎడమ హ్యాండిల్. మీ వరుసలో గాలి వచ్చే వైపుకు కొంచెం జరిగి నడిపితే, విసురు వచ్చినప్పుడు కొట్టుకుపోవడానికి చోటు ఉంటుంది, అయితే ఎదురు వాహనాల వరుసకు దగ్గరగా జరగవద్దు. పక్క పెట్టెలు, వెనక ఎత్తుగా కట్టిన మూటలు గాలికి తెరచాపలే. ఆఖరి రోజు ఉదయం సామాను ఎత్తు తగ్గించి, బరువైనవి కిందికి సర్ది కట్టుకోండి.

ఈ గాలి తెచ్చే ఇసుక గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. రోడ్డు మలుపు లోపలి అంచున పలచగా పరుచుకున్న ఇసుక దూరం నుంచి తారు రంగులోనే కలిసిపోతుంది. దాని మీద వాలుతో గానీ బ్రేకుతో గానీ వెళ్లకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, బండిని వీలైనంత నిటారుగా ఉంచి, యాక్సిలరేటర్ కదపకుండా దాటాలి.

హెల్మెట్ వైజర్ మీద ఉప్పు తుంపర ఎండి సన్నని మచ్చలుగా మిగిలి ఉంటే, సాయంత్రం సూర్యుడు కిందికి దిగేసరికి ఒక్కొక్క మచ్చా వెలుగుతుంది, ఎదుటి దారి తెల్లని మసకగా మారుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. తడి గుడ్డను రెండు నిమిషాలు వైజర్ మీద పరిచి, ఉప్పు కరిగాక నీళ్లతో కడిగి తుడవండి.

ప్రశ్న: ఐదు బైకుల బృందం మాది. ఆఖరి రోజు ఒక్కొక్కరు తమ ఊరి దారి రాగానే చెయ్యి ఊపి వెళ్లిపోతారు. పోయినసారి ఒకరు వెళ్లిన సంగతి తెలియక మిగతావాళ్లం గంటసేపు వెతికాం. ఏం చేయాలి?

జవాబు: నడుస్తున్న బండి మీంచి ఎవరూ వీడ్కోలు చెప్పకూడదు. మొదటి చీలిక దారికి కొంచెం ముందున్న ఏదైనా పెట్రోలు బంకులో అందరూ ఆగి, అక్కడే విడిపోవడం ఒక నియమంగా పెట్టుకోండి. ఎవరు ఎక్కడ విడిపోతారో ఆ ఉదయమే అందరికీ తెలియాలి. ఆ బంకులోనే పనిముట్లు చేతులు మార్చండి. పంక్చరు సామాను, గాలి పంపు, బండి లాగే తాడు అప్పటిదాకా ఎవరి దగ్గర ఉన్నా, అందరికంటే ఎక్కువ దూరం ఒంటరిగా వెళ్లవలసినవారికి ఇవ్వాలి. చాలా బృందాల్లో అవి దగ్గరి ఊరివారి పెట్టెలో ఇంటికి వెళ్లిపోతాయి. ఇల్లు చేరిన ప్రతివారూ సందేశం పంపాలి, అందరి సందేశాలూ వచ్చాకే బృందం యాత్ర ముగిసినట్టు.

ప్రశ్న: యాత్ర అంతా ఆనందంగా గడిచినా ఆఖరి రోజు ఏదో వెలితి, చిరాకు. దారిలో చూసినవేవీ గుర్తుండవు. ఇంటికి వచ్చాక ఆ చిరాకే మొత్తం యాత్ర మీద పరుచుకుంటుంది. ఇది నాకేనా?

జవాబు: మీకొక్కరికే కాదు. జరిగిన అనుభవాన్ని మన జ్ఞాపకం నిమిషాల లెక్కన కొలవదని, అందులో తీవ్రమైన ఘట్టాన్ని, ముగింపును బట్టి తూకం వేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం 1993లో ఒక ప్రయోగంతో చూపింది. 14 డిగ్రీల చల్లని నీటిలో ఒక నిమిషం చెయ్యి ఉంచడం ఒకటి, అదే నిమిషం తరువాత నీటిని ఒక డిగ్రీ మేర మెల్లగా వెచ్చబరుస్తూ మరో 30 సెకన్లు ఉంచడం రెండోది. మళ్లీ చేయవలసివస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే, మొత్తం మీద నొప్పి ఎక్కువే అయినా ముగింపు కాస్త నయంగా ఉన్న రెండోదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. నీళ్లలో చెయ్యి ఉంచడం, తీరం వెంట తిరగడం ఒకటి కావు. అయినా మీరు రాసిన చిరాకు గురించి ఆలోచించినప్పుడు, ముగింపుకు అంత బరువు ఉందన్న సంగతి నాకు చాలా ఉపయోగపడింది.

కాబట్టి ఆఖరి రోజులో ఒక మంచి ఘట్టాన్ని మీరే ఏర్పాటు చేసుకోండి. తీరపు రోడ్డు సముద్రాన్ని వదిలి లోపలికి తిరిగే చోటు ప్రతి దారిలోనూ ఉంటుంది. మనలో చాలామంది ఆ మలుపును వేగంగా దాటి, అరగంట తరువాత సముద్రం కనిపించడం లేదని గమనిస్తారు. ఆ చోటును ముందే మ్యాపులో గుర్తుపెట్టుకుని, బండి ఆపి, హెల్మెట్ తీసి, తొందర లేకుండా ఒక గంట గడపండి. అలలో కాళ్లు తడుపుకోండి, తోటివారితో యాత్ర గురించి మాట్లాడండి, ఫోటో తీసుకోవాలంటే తీసుకోండి. ఆ గంట కోసం మరో గంట ముందు నిద్ర లేవవలసి వచ్చినా లేవండి. వీలైతే, మరుసటి రోజే ఉద్యోగానికి వెళ్లవలసిన అవసరం లేకుండా సెలవును ఒక రోజు పొడిగించుకోండి. ఆదివారం రాత్రి పొద్దుపోయి చేరి సోమవారం ఉదయం పనిలో కూర్చునేవారికి ఈ వెలితి మరింత ఎక్కువగా ఉండడం సహజం.

ప్రశ్న: ఇంటికి చేరగానే బండికి కవరు కప్పి రెండు రోజులు నిద్రపోవాలనిపిస్తుంది. సముద్రం ఎక్కడో దూరంగా ఉండిపోయింది కదా, ఉప్పు వల్ల ఇంకా నష్టం ఉంటుందా? కడగడం వచ్చే ఆదివారానికి వాయిదా వేయవచ్చా?

జవాబు: మీరు నిద్రపోండి, కానీ కవరు కప్పకండి, వచ్చే ఆదివారం దాకా ఆగకండి. సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం లవణాలుంటాయి. అలలు విరిగినప్పుడు బుడగలు పగిలి సూక్ష్మమైన తుంపరలు గాలిలో కలుస్తాయి, ఆ గాలిలో రోజుల తరబడి తిరిగిన బండి మీద కంటికి కనబడని ఉప్పు పొర పేరుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. అంటే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ ఇంటి షెడ్డులో కూడా ఆ పొర రాత్రిపూట తడిసి, ఇనుమును తినే పని కొనసాగిస్తూనే ఉంటుంది. పైన కవరు కప్పితే తేమ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదని చాలామంది ధీమాగా ఉంటారు. దాన్ని కాపాడేది పైనున్న పలుచని ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదించి సన్నని గుంటలు పెడుతుంది. ఇంజను కేసింగ్ అల్యూమినియం, దానికి బిగించిన బోల్టులు స్టీలు. రెండు వేర్వేరు లోహాలు కలిసినచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం మరింత వేగంగా దెబ్బతిని, తెల్లని పొడి కట్టి, ఏడాది తిరిగేసరికి బోల్టు ఊడిరానంటుంది. మెకానిక్ దగ్గర తల అరిగిన బోల్టులు కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

ఇల్లు చేరిన సాయంత్రం పది నిమిషాల పని చాలు. ఇంజను, సైలెన్సరు, బ్రేకు డిస్కులు పూర్తిగా చల్లారనివ్వండి, వేడి లోహం మీద చన్నీళ్లు పోయడం మంచిది కాదు. తరువాత మామూలు నీళ్లు ధారాళంగా, మెల్లని ధారతో పోయండి. ఉప్పు నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఇక్కడ కావలసింది నీటి పరిమాణం, నీటి వేగం కాదు. పై భాగం కంటే కింది భాగం ముఖ్యం. ముందు మడ్‌గార్డు లోపలి వైపు, ఇంజను అడుగు, రేడియేటర్ రెక్కలు, సైడ్ స్టాండు స్ప్రింగు, ఫుట్‌రెస్టుల పిన్నులు, స్పోకులు రిమ్ములో కలిసేచోట్లు ఒక్కొక్కటిగా తడవాలి.

మరుసటి రోజు అసలు పని. మొదట, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలను వేలితో మెల్లగా తడిమి చూడండి. ఉప్పు, ఎండిన పురుగులు కలిసి గరుకుగా తగులుతాయి. బండి నడిచినప్పుడల్లా ఆ గరుకు పదార్థం రబ్బరు సీలు అంచును కోస్తుంది, తరువాత నూనె కారడం మొదలవుతుంది. తడి గుడ్డతో మెత్తబరిచి తుడవండి, గోటితోనూ బ్లేడుతోనూ గీకవద్దు. అప్పుడు షాంపూ నీళ్లతో బండి మొత్తం కడగండి. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టే యంత్రం వాడేట్టయితే చక్రాల బేరింగుల మీదికి, చైను మీదికి, వైర్లు కలిసే సాకెట్ల మీదికి కొట్టనివ్వకండి, ఆ ఒత్తిడికి ఉప్పునీరే లోపలికి దూరుతుంది.

చైనును కిరసనాయిలు, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి తుడిచి ఆరనివ్వండి. ఇనుప తీగల బ్రష్షు వాడితే లింకుల మధ్య గ్రీజును పట్టి ఉంచే సన్నని రబ్బరు రింగులు తెగిపోతాయి, ఆ గ్రీజును మనం బయటి నుంచి మళ్లీ పెట్టలేము. తరువాత చైను నూనె వేసి, ఎక్కువైనదాన్ని తుడిచేయండి. ఆ నూనె గానీ, దాని తుంపర గానీ బ్రేకు డిస్కు మీద పడకూడదు. క్లచ్ లివరు, బ్రేకు లివరు, స్టాండు కీలుకు చుక్క చుక్క నూనె గానీ గ్రీజు గానీ పెట్టి, చివరగా బండిని పది నిమిషాలు నడిపించి, బ్రేకులను రెండు మూడుసార్లు మెల్లగా నొక్కుతూ ఆరబెట్టండి. అన్నీ ఆరాకే కవరు వేయండి. చేతి తొడుగులు, జాకెట్టు జిప్పులు, బూట్ల కొక్కేలు కూడా ఉప్పు పట్టినవే. వాటిని కూడా మంచినీళ్లతో జాడించకపోతే తరువాతి యాత్రకు జిప్పు కదలదు.

ప్రశ్న: ఇల్లు చేరగానే సర్వీసింగ్‌కు ఇవ్వాలా? ఏమేం చూడమని అడగాలి?

జవాబు: కడిగాక ఇవ్వండి. బురదతో, ఉప్పుతో ఉన్న బండిలో ఏది వదులైందో ఎవరికీ కనిపించదు. ముందు మీరే టైర్లను చూడండి. తిన్నని దారుల్లో ఎక్కువ దూరం తిరిగితే వెనక టైరు నడిమి భాగం అరిగి చదునవుతుంది, మలుపులో వాలినప్పుడు బండి ఒక్కసారిగా పడిపోతున్నట్టు అనిపించడానికి కారణం అదే. నడిమి గాడిలోని అరుగుదల గుర్తుకు రబ్బరు సమానమైతే టైరు మార్చవలసిందే. సామాను, వెనక మనిషి బరువు కోసం పెంచిన గాలి ఒత్తిడిని, బిగించిన వెనక సస్పెన్షన్ స్ప్రింగును మళ్లీ మామూలు స్థితికి తేవడం చాలామంది మరచిపోతారు. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ఇక మెకానిక్‌ను చూడమనవలసినవి బ్రేకు ప్యాడ్ల మందం, ఆ ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిస్టన్లు ఉప్పు పట్టి బిగుసుకున్నాయా అన్నది, ఇసుక చేరిన ఎయిర్ ఫిల్టరు, చక్రాల బేరింగులు, చైను వదులు. చైను వదులు ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది, ఆ అంకెనే పాటించమనండి. బ్రేకు నూనె మార్చి రెండేళ్లయితే ఇప్పుడే మార్పించండి. డాట్ 4 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ఇంజను ఆయిలు గడువుకు ఇంకా కొంత దూరం ఉన్నా, ఎండలో బరువుతో వేల కిలోమీటర్లు తిరిగి వచ్చిన బండికి ముందుగానే మార్చడం దుబారా కాదు.